కలుగు నుంచి క్రోమోజోము దాకా: సిక్కోలు, విజయనగరం పొలాల్లో పోలికలు కలిసిన ఎలుక జాతులను వేరుపరచే విధానం

వరి కోతలు ముగిసి కుప్పలు కళ్ళానికి చేరాక, నరసన్నపేట వైపైనా గజపతినగరం వైపైనా మడి గట్టు వెంట వంగి నడిస్తే బొటనవేలు దూరేంత చిన్న కన్నాలు కనిపిస్తాయి. వాటి ముందు మట్టి గుళికలు గుప్పెడంత కుప్పగా పోసి ఉంటాయి. జానెడు దూరంలో ఉన్న రెండు కన్నాలను తవ్వి రెండు చిట్టెలుకలను పట్టామనుకుందాం. రెండింటికీ వీపు గోధుమ రంగు, పొట్ట తెలుపు, ఒళ్ళు ఆరేడు సెంటీమీటర్లు, బరువు పది గ్రాముల అటూ ఇటూ. ఇవి ఒకే జాతివా, రెండు జాతులవా అన్నది కంటితో చూసి చెప్పడం ఎంత అనుభవం ఉన్నవారికైనా కష్టమే.

శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం ఈ చిట్టెలుకలను మస్ బూడుగా అన్న ఒక్క పేరు కిందే లెక్కవేశారు. 1968లో రాబర్ట్ మాథే, ఫ్రాన్సిస్ పెటర్ భారతదేశపు నమూనాల క్రోమోజోములను పరిశీలించి ఆ పేరు వెనక రెండు వేర్వేరు జాతులు దాగి ఉన్నాయని చూపారు. రెండో జాతిని అప్పట్లో మస్ డన్నీ అనేవారు, ఇప్పుడు మస్ టెర్రికలర్ అంటున్నారు. ఈ రెండింటిని, వాటితోపాటు మన పొలాల్లో కలుగులు తవ్వుకుని బతికే మిగతా ఎలుకలను, అవి ఎంచుకున్న నేలను బట్టి, వాటి కణాల్లోని క్రోమోజోములను బట్టి ఎలా వేరుపరచాలో రెండు జిల్లాల జంతుశాస్త్ర, వ్యవసాయశాస్త్ర విద్యార్థుల కోసం ఇక్కడ వివరిస్తున్నాను. అన్నిటికన్నా ముందు ఒక మాట పట్టుబట్టి చెప్పాలి. కలుగు దగ్గర ఇచ్చిన సంఖ్య సూక్ష్మదర్శిని కింది స్లైడు దాకా ఎక్కడా తెగకుండా రావాలి. ఆ దారం తెగితే ఎంత అందమైన కార్యోటైపు (ఒక కణంలోని క్రోమోజోముల సంఖ్యను, ఆకారాలను చూపే చిత్రం) అయినా ఎక్కడిదో తెలియని బొమ్మగా మిగిలిపోతుంది, ఎంత జాగ్రత్తగా రాసిన కలుగు వివరమైనా ఊహగానే ఉండిపోతుంది.

ముందుగా మనసులో ఉంచుకోవలసిన జాతులు, సంఖ్యలు

మన పొలాల్లో ప్రధానమైనది చిన్న పందికొక్కు, అంటే బాండికోటా బెంగాలెన్సిస్. దీని ద్వయస్థితిక క్రోమోజోముల సంఖ్య, అంటే ఒక శరీర కణంలో జతలన్నీ కలిపిన మొత్తం, 42. బాండికూట్ అన్న ఇంగ్లిషు మాట మన పందికొక్కు నుంచే పుట్టింది. మెత్తని బొచ్చు పొలం ఎలుక మిల్లార్డియా మెల్టాడాకు 50 క్రోమోజోములు. ఆ మెల్టాడా అన్న పేరు కూడా మట్టిపనిలో ఆరితేరిన ఒడ్డెరలు దాన్ని పిలిచే ‘మెట్టాడె’ నుంచి వచ్చినదే. పొదల్లో గడ్డితో గూడు కట్టుకునే గొలుండా ఎల్లియోటికి 54. ఇది పెద్దగా కలుగులు తవ్వదు గాని బోనులో పడుతుంది కనుక గుర్తుంచుకోవాలి. దాని పేరులోని ఎల్లియట్, తరువాతి కాలంలో ఉత్తర సర్కారులకు కమిషనరుగా పనిచేసిన వాల్టర్ ఎలియటే. తోక చివర కుచ్చు, పొడవాటి వెనక పాదాలు ఉండే గెంతుడు ఎలుక టాటెరా ఇండికాకు భారతదేశంలో 68. ముళ్ళలాంటి బిరుసు బొచ్చు ఉండి రాతి నేలల్లో తిరిగే మస్ ప్లాటిథ్రిక్స్‌కు 26.

ఈ సంఖ్యలు చూసి పని తేలికే అనుకునే ప్రమాదం ఉంది. టాటెరాకు, పందికొక్కుకు తేడా చెప్పడానికి క్రోమోజోములు అక్కరలేదు, తోక చూస్తే చాలు. అసలు అవసరమైన చోట సంఖ్య సాయపడదు. మస్ బూడుగాకు 40, మస్ టెర్రికలర్‌కు 40, ఇంట్లో తిరిగే చిట్టెలుక మస్ మస్క్యులస్‌కు కూడా సాధారణంగా 40. చిన్న పందికొక్కుకు ఉన్న 42 క్రోమోజోములే ఊరి కాలవల్లో ఉండే గోధుమ రంగు ఎలుక రాటస్ నార్వేజికస్‌కూ ఉన్నాయి. అంటే లెక్కపెట్టడంతో పని పూర్తి కాదు, ప్రతి క్రోమోజోము ఆకారాన్ని చదవాలి.

ఆకారం అంటే సెంట్రోమియర్, అంటే క్రోమోజోము భుజాలు కలిసే నొక్కు, ఎక్కడ ఉందన్నదే. అది ఒక కొసన ఉంటే ఒంటి కర్రలా కనిపించే అక్రోసెంట్రిక్, సరిగ్గా నడుమ ఉంటే రెండు భుజాలు సమానంగా ఉండే మెటాసెంట్రిక్, నడుమకు కాస్త పక్కన ఉంటే ఒక భుజం పొడవుగా మరొకటి పొట్టిగా ఉండే సబ్‌మెటాసెంట్రిక్. లెవాన్, ఆయన సహచరులు 1964లో ఇచ్చిన కొలత నేటికీ ప్రామాణికమే. పొడవు భుజాన్ని పొట్టి భుజంతో భాగిస్తే 1.7 లోపు వచ్చినది మెటాసెంట్రిక్, 1.7 నుంచి 3 దాకా సబ్‌మెటాసెంట్రిక్, 3 నుంచి 7 దాకా సబ్‌టెలోసెంట్రిక్, 7 దాటితే అక్రోసెంట్రిక్.

అనుమతులు, ఆరోగ్యం

ఎలుకే కదా అని అనుమతి లేకుండా మొదలుపెట్టవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుకలను హానికర జంతువులుగా చూపిన పాత ఐదో షెడ్యూలు 2022 సవరణతో పోయింది. కాబట్టి అటవీశాఖకు రాతపూర్వకంగా తెలిపి జవాబు తీసుకోవడం, జంతువును చంపవలసిన ప్రతి పనికీ కళాశాల జంతు నైతిక కమిటీ ఆమోదం పొందడం తప్పనిసరి అనుకునే పని మొదలుపెట్టాలి. పొలం ఎవరిదో వారిని అడగాలి, తవ్విన గట్టును తిరిగి గట్టిగా తొక్కి కప్పాలి. గట్టు తెగితే మడిలో నీరు నిలవదు, మరుసటి ఏడాది ఆ రైతు మనల్ని పొలంలో అడుగు పెట్టనివ్వడు.

ఎలుక మూత్రం తగిలిన తడి మట్టి నుంచి లెప్టోస్పైరోసిస్, ఎలుక చెవుల్లో అంటుకుని ఉండే నల్లి పిల్లల నుంచి స్క్రబ్ టైఫస్ రావచ్చు. రెండు పొరల చేతి తొడుగులు, మోకాలి దాకా బూట్లు, పొడవు చేతుల చొక్కా ఉండాలి. పని ముగించిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, ఎలుకలతో పని చేశామని వైద్యుడికి ముందే చెప్పాలి. కలుగులోకి వట్టి చేయి ఎప్పుడూ పెట్టకూడదు, ఎందుకంటే నాగుపాము, కట్లపాము, రక్తపింజరి ముగ్గురికీ ఎలుక కన్నం అంటే సొంత ఇల్లే.

నేలను విడగొట్టి గీత గీయడం

ఆవాసం అన్న మాటను విద్యార్థులు తరచుగా ‘వరి పొలం’ అని రాసి వదిలేస్తారు. ఎలుకకు పంట కన్నా నేల ముఖ్యం, ఎందుకంటే తవ్వవలసింది నేలనే. మన రెండు జిల్లాల్లో కనీసం నాలుగు రకాల నేలలు విడిగా చూడాలి. కవిటి, సోంపేటల నుంచి భోగాపురం దాకా సముద్రాన్ని ఆనుకుని సాగే ఇసుక నేలల్లో కొబ్బరి, జీడి తోటలు ఉంటాయి. వంశధార, నాగావళి పారే పల్లపు భూముల్లో బంక కలిసిన ఒండ్రు, గట్లతో విడగొట్టిన వరి మడులు ఉంటాయి. గజపతినగరం, చీపురుపల్లి ప్రాంతాల గరువుల్లో, అంటే మెట్ట భూముల్లో, ఎర్ర ఇసుక నేల, గరప, వాన మీద ఆధారపడిన వేరుశనగ, గోగు, మొక్కజొన్న ఉంటాయి. నాలుగోది రాతి గుట్టల అడుగు. నెల్లిమర్ల దగ్గరి రామతీర్థం చుట్టుపక్కల వంటి చోట్ల బౌద్ధ, జైన శిథిలాలున్న కొండల మీద గడ్డపార దించకూడదు, దూరంగా ఉన్న రాళ్ళ పొదల్లోనే పని చేయాలి.

ఒక్కో నేలలో ఒక్కో మూల నాలుగు బోనులు పెట్టి వచ్చేస్తే ఉపయోగం తక్కువ. పల్లం మధ్యలో మొదలై గట్టు దాటి, మెరక ఎక్కి, గరువు లోపలికి సాగే ఒక తిన్నని గీత గీసుకుని, ఆ గీత వెంట వరుసగా కలుగులు వెతకాలి. నేల మారే ఆ అంచుల్లోనే రెండు జాతులు పక్కపక్కన దొరికే అవకాశం ఎక్కువ. పక్కపక్కన దొరకడమే మన వాదానికి బలమని తరువాత చూస్తాం. ఇలాంటి గీతలు ఒక్కో మండలంలో మూడైనా ఉంటే మంచిది.

కాలం విషయంలో నా సలహా స్పష్టంగా ఉంది. ఉభాలప్పుడు, అంటే వరి నాట్ల కాలంలో, మడులన్నీ నీళ్ళలో ఉంటాయి, ఎలుకలన్నీ గట్ల మీదికి, మెరకకు చేరతాయి. ఆ రోజుల్లో గట్టు మీద దొరికిన జంతువు గట్టును ఇష్టపడి ఎంచుకున్నదని రాస్తే తప్పు. వరి కోత అయిన డిసెంబరు, జనవరి నెలల్లో, మడిలో పెసర, మినుము మొలకలు ఇంకా చిన్నగా ఉన్నప్పుడు కలుగులు స్పష్టంగా కనిపిస్తాయి, నేల కూడా ఆరి ఉంటుంది. తుపాను వచ్చిన ఏడాది మాత్రం ఆగాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పటి వంటి వరదలు ఇసుక నేల ఎలుకనూ బంక నేల ఎలుకనూ ఒకే మెరక మీదికి తరుముతాయి. నీరు తీసి, కొత్త కలుగులు పడి, ఒక పంట కాలం గడిచాకే ఆవాసం గురించి మాట్లాడడం న్యాయం.

కలుగును చదవడం, చీటీ రాయడం

బోను పెట్టే ముందే కలుగు వివరం రాయాలి, ఎందుకంటే తవ్విన తరువాత కలుగు ఉండదు. కన్నం వ్యాసాన్ని సెంటీమీటర్లలో కొలవాలి. చిట్టెలుకలకు రెండు మూడు సెంటీమీటర్లే ఉంటుంది, పందికొక్కుకు ఆరు దాటుతుంది. మట్టి కుప్ప ఉందా, దాని గుళికలు ఎంతెంత ఉన్నాయి, కన్నం తెరిచి ఉందా, లోపలి నుంచి మట్టితో మూసి ఉందా అన్నవి ఫొటో తీసి రాయాలి. ఒక పల్లెలో పెద్దాయన ఒకరు మాకు చూపిస్తూ, “కన్నం మూసీసుందంటే కొక్కు లోపలున్నట్టే మాస్టారూ” అన్నారు. చిన్న పందికొక్కు విషయంలో ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అది లోపల ఉన్నప్పుడు కన్నాన్ని తాజా మట్టితో మూసుకుంటుంది, లోపల గదుల్లో వరి కంకులు కుక్కి దాచుకుంటుంది. టాటెరా ఇండికా అందుకు భిన్నంగా గరువుల్లో, ఇసుకలో తెరిచిన కన్నాలతో ఉంటుంది. పక్కన పైపొర మట్టి మాత్రమే మిగిల్చిన తప్పించుకునే దారులు ఉంటాయి, తవ్వుతుంటే ఊహించని చోట నేల చీల్చుకుని బయటికి గెంతుతుంది. మిల్లార్డియా కలుగు తేలికైనది, లోతు తక్కువ. నల్ల నేల పగుళ్ళున్న చోట అది పగులునే ఇల్లు చేసుకుంటుంది. రాతి నేలల్లో మస్ ప్లాటిథ్రిక్స్ కన్నం చుట్టూ చిన్న చిన్న గులకరాళ్ళు పేర్చుకుంటుంది. ఆ రాళ్ళ పేర్పు కనిపిస్తే సగం గుర్తింపు అక్కడే అయినట్టు.

నేల రకాన్ని చేత్తో చూడడం నేర్చుకోండి. కలుగు గోడ నుంచి ఒక పిడికెడు మట్టి తీసి తడిపి ముద్ద చేయాలి. ముద్ద కట్టకుండా రాలిపోతే ఇసుక. ముద్ద కట్టినా వేళ్ళ మధ్య నొక్కి నాడాలా సాగదీస్తే వెంటనే తెగితే ఇసుక కలిసిన గరప. పొడవుగా సాగితే బంక ఎక్కువ. తేమ కోసం అదే మట్టిని మూత గట్టి డబ్బాలో తెచ్చి తూచి, 105 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక రోజు ఆరబెట్టి మళ్ళీ తూచాలి. దీనితోపాటు కలుగు లోతు, నీటి కాలువకు దూరం, గట్టు ఎత్తు, పైన ఉన్న పంట దశ, జీపీఎస్ గుర్తు కూడా రాయాలి.

సంఖ్యను ఇలా కట్టండి: జిల్లా, నేల, గీత, కలుగు, జంతువు. ఉదాహరణకు శ్రీ-ప-3-12-2 అంటే శ్రీకాకుళం, పల్లం, మూడో గీత, పన్నెండో కలుగు, రెండో జంతువు. చీటీని పెన్సిలుతోనే రాయాలి. ఇది ఒక నష్టం ద్వారా నేర్చుకున్న పాఠం. మొదటి ఏడాది మేము స్లైడుల మీద మార్కరు కలంతో సంఖ్యలు రాశాము. స్థిరీకరణకు వాడే మిథనాల్ ఆ సిరాను కడిగేసింది. మంచి మెటాఫేజ్‌లు (విభజన మధ్యలో క్రోమోజోములు స్పష్టంగా కనిపించే కణాలు) ఉన్న పదకొండు స్లైడులు పేరు లేని అనాథలై మిగిలాయి, వాటిని పారవేయవలసి వచ్చింది. గరుకు అంచున్న స్లైడు మీద పెన్సిలు రాత ఏ ద్రావణంలోనూ చెరగదు.

పట్టడం, ప్రాణంతో తేవడం

పందికొక్కుకు ఇనుప బోను సరిపోతుంది. చిట్టెలుకలకు బోనుల కన్నా నెమ్మదిగా తవ్వి పట్టడమే నమ్మకమైన మార్గం, ఎందుకంటే తవ్వినప్పుడు ఏ జంతువు ఏ కలుగుదో సందేహం ఉండదు. బోనులో పడ్డది దారిన పోయేది కావచ్చు. బోను పెట్టక తప్పకపోతే వేయించిన వేరుశనగ, పప్పు వంటి ఎర వేసి సాయంత్రం పెట్టి, తెల్లవారే లోపు తీయాలి. మన తీరపు ఉక్కపోతలో ఎండెక్కాక అర గంట బోనులో ఉన్నా చిట్టెలుక చనిపోతుంది, చనిపోయిన జంతువు మూలుగ నుంచి క్రోమోజోములు రావు. ఒక్కో జంతువును విడి గుడ్డ సంచిలో, గుప్పెడు పొడి గడ్డితో, చీటీతో తేవాలి. ఒక కలుగులో దొరికిన తల్లీ పిల్లలను ఒకే సంచిలో వేసినా చీటీలు మాత్రం విడిగా ఉండాలి.

ప్రయోగశాలలో బరువు, తల నుంచి తోక మొదలు దాకా పొడవు, తోక, వెనక పాదం, చెవి కొలిచి, లింగం, చనుల సంఖ్య, అరికాలి మెత్తల సంఖ్య రాయాలి. మిల్లార్డియాకు అరికాలి మెత్తలు ఆరు కాకుండా నాలుగో ఐదో ఉంటాయి, ఆ ఒక్క గుర్తుతో దాన్ని ఇతర ఎలుకల నుంచి విడగొట్టవచ్చు. లింగం సరిగ్గా రాయడం మరచిపోకండి, చిట్టెలుకల విషయంలో తీర్పు అంతా దాని మీదే ఆధారపడుతుంది.

క్రోమోజోములు తీయడం

ఎముక మూలుగ పద్ధతి ఇప్పటికీ సులభమైనది, చవకైనది. మూలుగలో విభజన చెందుతున్న కణాలు ఎక్కువ కావాలంటే ముందురోజు ఈస్టు ద్రావణం ఎక్కించాలి. రెండు మూడు గ్రాముల రొట్టెల ఈస్టు, ఐదారు గ్రాముల డెక్స్‌ట్రోజ్ 25 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో కలిపి, బుడగలు వచ్చాక చర్మం కింద ఇవ్వాలి. మోతాదు 25 గ్రాముల బరువుకు అర మిల్లీలీటరు. మరునాడు కోల్చిసిన్ 0.04 నుంచి 0.05 శాతం ద్రావణాన్ని 100 గ్రాములకు ఒక మిల్లీలీటరు చొప్పున, అంటే పది గ్రాముల చిట్టెలుకకు 0.1 మిల్లీలీటరు, పొట్ట కుహరంలోకి ఎక్కించాలి. కోల్చిసిన్ కణ విభజనను క్రోమోజోములు స్పష్టంగా కనిపించే దశలో ఆపుతుంది. అది విషం కనుక తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

ఇక్కడే చాలామంది తొందరలో తప్పు చేస్తారు. ఎక్కువ కణాలు దొరుకుతాయని కోల్చిసిన్‌ను రెండు గంటలు ఉంచుతారు. అంతసేపు ఉంచితే క్రోమోజోములు కుదించుకుపోయి మొద్దుల్లా తయారవుతాయి, పొట్టి భుజాలు మాయమవుతాయి. టెర్రికలర్‌ను బూడుగా నుంచి వేరు చేసేది సరిగ్గా ఆ పొట్టి భుజమే. ఈ చిట్టెలుకలకు ముప్పావు గంట నుంచి గంట లోపు చాలు. కణాలు తగ్గినా ఫరవాలేదు, ఆకారం నిలవాలి.

తరువాత కమిటీ ఆమోదించిన పద్ధతిలో జంతువును బాధ లేకుండా చంపి, తొడ ఎముకలను, పిక్క ఎముకలను తీసి, రెండు కొసలు కత్తిరించి, ఇన్సులిన్ సిరంజితో మూలుగను పొటాషియం క్లోరైడ్ ద్రావణంలోకి కొట్టాలి. ఈ ద్రావణం లీటరుకు 5.6 గ్రాములు, అంటే 0.075 మోలార్ ఉండాలి. 37 డిగ్రీల వద్ద ఇరవై నిమిషాలు ఉంచితే కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి. నిమిషానికి వెయ్యి చుట్ల వేగంతో ఐదు నిమిషాలు తిప్పి, పై నీరు వంపి, మూడు పాళ్ళు మిథనాల్, ఒక పాలు అసిటిక్ ఆమ్లం కలిపిన చల్లని స్థిరీకరణ ద్రవాన్ని చుక్కచుక్కగా పోస్తూ కలపాలి. ఈ ద్రవాన్ని ఏ రోజుకు ఆ రోజు తాజాగా కలుపుకోవాలి. మూడు సార్లు మార్చాక, ఆ ముద్దను మిగిలిన పనికోసం చిన్న గొట్టంలో చలిపెట్టెలో ఏళ్ళ తరబడి దాచవచ్చు.

స్లైడు మీద చుక్క వేసి ఆరబెట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని మన ప్రాంతంలో అదే కీలకం. వానాకాలపు తేమలో ద్రవం నెమ్మదిగా ఆరి కణాలు మరీ విచ్చిపోతాయి, ఒకటి రెండు క్రోమోజోములు కణం నుంచి జారిపోయి లెక్క 38, 39 వస్తుంది. బాగా పొడిగా ఉన్న రోజున కణాలు విచ్చుకోక ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. డిసెంబరు ఉదయాలు మంచివి. తేమ ఎక్కువైతే స్లైడును కాస్త వెచ్చని పలక మీద, పొడిగా ఉంటే తడి గుడ్డ పరిచిన పళ్ళెం మీద ఆరబెట్టాలి. ఆరిన స్లైడును 6.8 పీహెచ్ ఉన్న ఫాస్ఫేట్ బఫరులో 5 శాతం గీమ్సాతో పది నిమిషాలు రంగు వేస్తే చూడడానికి సిద్ధం.

కార్యోటైపును చదవడం

ఒక జంతువుకు కనీసం ఇరవై ఐదు మంచి మెటాఫేజ్‌లు లెక్కపెట్టి, ఎక్కువసార్లు వచ్చిన సంఖ్యనే ఆ జంతువు సంఖ్యగా తీసుకోవాలి. ఒక్క కణంలో తక్కువ వచ్చిందని కొత్త జాతి అనుకోకూడదు. అందరి క్రోమోజోములూ ఒకే సంఖ్యలో ఉంటాయనీ అనుకోకూడదు. నల్ల ఎలుక రాటస్ రాటస్ సమూహంలో 38, 40, 42 అన్న రూపాలు ఉన్నాయి, వాటిలో కొన్నింటిలో అదనపు బి క్రోమోజోములు కూడా కనిపిస్తాయి.

చిట్టెలుకల్లో వెతకవలసింది ఇది. మస్ బూడుగాలో నలభై క్రోమోజోములూ, ఎక్స్‌తో సహా, అక్రోసెంట్రిక్‌లే. ప్లేటు అంతా ఒంటి కర్రలే కనిపిస్తాయి. మస్ టెర్రికలర్‌లో ఎక్స్ క్రోమోజోము పెద్ద సబ్‌మెటాసెంట్రిక్. కనుక ఆడదానిలో ఒంటి కర్రల మధ్య రెండు భుజాలున్న పెద్దవి రెండు, మగదానిలో ఒకటి కనిపిస్తాయి, మగదాని వై కూడా పెద్ద అక్రోసెంట్రిక్. ఈ జాతిలోనే మూడు క్రోమోజోము రూపాలు గుర్తించారు. మొదటి రూపంలో శరీర క్రోమోజోములన్నీ (ఎక్స్, వై కానివి) అక్రోసెంట్రిక్, రెండో రూపంలో రెండు జతలకు, మూడో రూపంలో మూడు జతలకు హెటరోక్రొమాటిన్ (గట్టిగా చుట్టుకుని, జన్యువులు చాలా తక్కువగా ఉండే క్రోమోజోము పదార్థం) పొట్టి భుజాలు చేరాయి. లింగం చీటీలో తప్పు రాసి ఉంటే ఈ లెక్క మొత్తం తలకిందులవుతుంది.

కనిపించిన పొట్టి భుజం నిజంగా హెటరోక్రొమాటినేనా అన్నది సి బ్యాండింగ్ చేసి తేల్చుకోవాలి. కొన్ని రోజులు నిలవ ఉంచిన స్లైడును 0.2 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అర గంట నుంచి గంట ఉంచి, 50 డిగ్రీల వద్ద బేరియం హైడ్రాక్సైడ్‌లో కొద్ది నిమిషాలు ముంచి, 60 డిగ్రీల వద్ద రెండింతల గాఢత ఉన్న ఎస్‌ఎస్‌సీ (ఉప్పు, సోడియం సిట్రేట్) ద్రావణంలో గంట ఉంచి గీమ్సా వేస్తే హెటరోక్రొమాటిన్ ముదురుగా నిలుస్తుంది. బేరియం సమయం ఒక్కో బ్యాచ్‌కూ మారుతుంది కనుక మొదట పనికిరాని స్లైడు మీద పరీక్షించుకోవాలి.

సంఖ్యలు మారినప్పుడు భుజాలను కూడా లెక్కపెట్టండి. రెండు అక్రోసెంట్రిక్‌లు సెంట్రోమియర్ దగ్గర అతుక్కుని ఒక మెటాసెంట్రిక్ అయితే సంఖ్య తగ్గుతుంది, భుజాల మొత్తం మారదు. ఐరోపాలోని ఇంటి చిట్టెలుకల్లో ఈ విధంగానే 40 నుంచి 22 దాకా దిగిన జనాభాలు ఉన్నాయి. భుజాల మొత్తం సమానంగా ఉండి సంఖ్య మాత్రం మారితే అతుకు జరిగిందని, భుజాల మొత్తమే మారితే హెటరోక్రొమాటిన్ చేరడమో క్రోమోజోము తిరగబడడమో జరిగిందని మొదటి అనుమానం పెట్టుకోవాలి.

నేలనూ క్రోమోజోమునూ ఒకే పట్టికలో కూర్చడం

ఇప్పుడు ఒక వైపు నేల రకాలు, మరో వైపు కార్యోటైపులు ఉన్న పట్టిక గీయండి. ఒక రూపం పల్లంలోనే, మరొకటి గరువులోనే దొరికితే చాలామంది రెండు జాతులని రాసేస్తారు. అది తొందరపాటు. రెండు చోట్ల విడిగా ఉన్న జనాభాలు ఒకే జాతికి చెందిన స్థానిక రూపాలు కావచ్చు. అవి కలిసే అవకాశమే లేనప్పుడు కలవలేదన్నది సాక్ష్యం కాదు. బలమైన సాక్ష్యం వాటి ఇళ్ళు ఒకే గట్టు మీద పక్కపక్కన ఉండి కూడా సంకరం లేకపోవడం.

దీన్ని లెక్కగా చూద్దాం. రెండు రూపాలు సమానంగా ఉన్న చోట అవి స్వేచ్ఛగా జతకడితే ప్రతి జంతువుకూ మిశ్రమ జత, అంటే ఒక్కో రూపం నుంచి ఒక్కో క్రోమోజోము, ఉండే అవకాశం సగం. పది జంతువుల్లో ఒక్క మిశ్రమం కూడా దొరకకపోవడం యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 1,024లో ఒకటి, ఇరవైలో అయితే పది లక్షల పైచిలుకులో ఒకటి. కాని రెండు షరతులు ఉన్నాయి. ఒకే కలుగులోని అక్కచెల్లెళ్ళు ఇరవై మంది ఉన్నా అది ఒక్క కుటుంబమే, కనుక కలుగుకు ఒక జంతువునే లెక్కలోకి తీసుకోవాలి. రెండోది, తేడా ఎక్స్ క్రోమోజోములో ఉన్నప్పుడు మగదానికి ఒక్క ఎక్స్ మాత్రమే ఉంటుంది కాబట్టి ఎక్స్ మిశ్రమం దానిలో కనిపించదు. ఒంటి కర్ర ఎక్స్ ఒకటి, రెండు భుజాల ఎక్స్ ఒకటి ఉన్న ఆడది మొదటి తరం సంకరానికి గుర్తు. అందువల్ల ఈ పరీక్షకు ఆడ జంతువుల లెక్కే విడిగా చూడాలి. మగవాటిలో ఎక్స్ ఒక జాతిదిగా, వై మరొక జాతిదిగా ఉందేమో పోల్చి చూడాలి.

ఆవాసమూ క్రోమోజోమూ కలిసి నడిచిన గొప్ప ఉదాహరణ ఇజ్రాయెల్‌లోని గుడ్డి కలుగెలుకలు. 1969లో వార్మన్, గోయిటైన్, నెవో చూపినట్టు అక్కడ చల్లని తేమ ప్రాంతమైన ఎగువ గలిలీలో 52, గోలాన్‌లో 54, దిగువ గలిలీ, కార్మెల్ ప్రాంతాల్లో 58, పొడి నేలల సమారియా, జూడియా, ఉత్తర నెగెవ్‌లలో 60 క్రోమోజోములున్న రూపాలు ఉన్నాయి. వాటి సరిహద్దుల్లో సన్నని సంకర పట్టీలు మాత్రమే కనిపిస్తాయి. 2001లో ఆ నాలుగింటికీ విడివిడి జాతుల పేర్లు పెట్టారు. మూడు దశాబ్దాల పైచిలుకు సరిహద్దుల వెంట కొలిచి చూశాకే ఆ పేర్లు వచ్చాయన్నది గమనించాలి. మన గీతల్లో అంచు ప్రదేశాలకు ఎక్కువ కలుగులు కేటాయించమన్నది అందుకే.

నేలకూ రూపానికీ సంబంధం ఉందో లేదో చిన్న సంఖ్యలకు ఫిషర్ పరీక్ష అనే గణాంక పద్ధతితో చూడవచ్చు. సంబంధం బయటపడకపోయినా, రెండు రూపాలూ అన్ని నేలల్లోనూ సంకరం లేకుండా ఉన్నాయని తేలినా, అది విఫలమైన పని కాదు. ఆవాసం వాటిని వేరు చేయడం లేదని, వేరు చేసేది మరేదో ఉందని తెలిసినట్టే. తేమ శాతం, బంక శాతం వంటి కొలతలతో అప్పుడు మళ్ళీ చూడాలి, ఎందుకంటే ‘పల్లం’ అన్న ఒక్క మాటలో గట్టు పైభాగమూ మడి అడుగూ కలిసిపోయి ఉండవచ్చు.

నమూనాను నిలబెట్టడం

ప్రతి జంతువు పుర్రెనూ చర్మాన్నీ శుభ్రపరచి భద్రం చేయాలి. కాలేయపు ముక్కను 95 శాతం ఇథనాల్‌లో విడిగా ఉంచితే సైటోక్రోమ్ బి జన్యువును చదివి తరువాత సరిచూసుకోవచ్చు. గుడ్డ సంచి మీది సంఖ్యే పుర్రె చీటీకి, ఇథనాల్ గొట్టానికి, మూలుగ గొట్టానికి, స్లైడుకు, ఫొటో ఫైలుకు ఉండాలి. పని పూర్తయ్యాక నమూనాలను కళాశాల బీరువాలో వదిలేయకుండా 1916 నుంచి దేశపు జంతు నమూనాలను కాపాడుతున్న జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వంటి సంస్థకు అప్పగించి, వారిచ్చిన నమోదు సంఖ్యను మన కలుగు పుస్తకంలో అదే వరుసలో, పెన్సిలుతో, ఆ రోజే రాయాలి.